నాలుగో రకం బేరింగు

సైకిళ్ళు బాగుచేసే దుకాణం, శనివారం మధ్యాహ్నం. బల్లకి లోపలివైపు బావమరిది. బయటివైపు, చేతిలో చిన్న అట్టపెట్టెతో బావ.

"...ఇది కూడా పట్టలేదు."

"ఏంటి పట్టలేదు?"

"ఇదే. నువ్విచ్చిందే. పట్టలేదు."

"బావా, ఒక్క నిమిషం కూర్చో."

"కూర్చోడానికి రాలేదు."

"మంగళవారం ఒకటి తీసుకెళ్ళావు, పట్టలేదన్నావు. గురువారం ఒకటి తీసుకెళ్ళావు, పట్టలేదన్నావు. నిన్న మూడోది. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మన పిడుగుకి అర్హత పందెం. దాని సైకిలు చూస్తే మీ వరండాలో పెడళ్ళు లేకుండా తలకిందులుగా నిలబడి ఉంది. గుర్తుందా నీకు?"

"నా కూతురి పందెం నాకు గుర్తుచేస్తావా?"

"గుర్తున్న మనిషిలా లేవు మరి."

"తప్పు నాది కాదు. మీ సామాన్లది. ఒక్క సైకిలు, ఒక్క ఇరుసు. దానికి ఇన్ని రకాల బేరింగులేంటి? మా గడియారాల్లో ఇంత తలతిక్క ఉండదు."

"ఉండదా? మొన్న ఏదో పళ్ళచక్రం కోసం ఊరంతా తిరిగొచ్చి అన్నం మానేశావని అక్క చెప్పింది."

"అది పాత గడియారం."

"ఇది పాత సైకిలు. అంతే తేడా."

"నవ్వకు. నాకు ఒళ్ళు మండుతోంది."

"నాకూ మండుతోంది బావా. నవ్వితే చల్లారుతుందేమోనని. సరే, మళ్ళీ మొదట్నుంచి చెప్తాను, విను. రెండు పెడళ్ళ మధ్యలో, ఫ్రేముకి అడుగున, అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. దాన్నే గూడు అంటాం. గూటికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి బేరింగులు. వాటి మధ్యలోంచి ఇరుసు. అవునా?"

"అవును."

"గూడు ఏ రకమైతే బేరింగూ ఆ రకమే కావాలి. ఒకదాని బదులు ఇంకోటి పెడతానంటే కుదరదు. రకాలేమో..."

"పేర్లు చెప్పకు. ఆ పేర్లు వింటేనే చిరాకు. అమెరికన్, యూరో, మిడ్. దేశాల పటం ముందేసుకుని సైకిలు బాగుచేస్తారా మీరు?"

"మిడ్ దేశం కాదు."

"అదే నా ఏడుపు!"

"అన్నా, పంక్చరుకిచ్చిన నా ట్యూబు అయిందా?"

"పది నిమిషాలు తమ్ముడూ. అటు తిరిగి రా."

"పొద్దున కూడా పదే అన్నావు."

"అవే పది. ఇంకా అయిపోలేదు. వెళ్ళిరా... చూశావా బావా, నీ వల్ల నా పనులన్నీ ఎక్కడివక్కడే."

"నా వల్లేంటి? నాకు సరైనది ఇస్తే ఇప్పుడే పోతాను."

"సరైనదేదో చెప్పు, ఇప్పుడే ఇస్తాను."

"నాకెలా తెలుస్తుంది?"

"నీకు కాక ఎవరికి తెలుస్తుంది? గూడు నీ దగ్గరుంది. మంగళవారం వచ్చి ఏమన్నావు? లోపల నున్నగా ఉంది, మరలు లేవు, గూడు పెద్దది అన్నావు. ఎంత పెద్దది అన్నాను. చాలా పెద్దది అన్నావు. పొద్దస్తమానం భూతద్దం కంటికి బిగించుకుని వెంట్రుకలో సగం తేడా పట్టే మనిషివి. నీ నోటంట 'చాలా పెద్దది' అనే కొలత నేను జన్మలో వినలేదు."

"పెద్దగానే కనపడింది."

"అమెరికన్ అయితే యాభై ఒక్క మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు రెండు ఇనప గిన్నెలు దిగ్గొట్టి, వాటిలో బేరింగులు కూర్చోబెట్టాలి. పాత బేరింగులు నువ్వే విప్పావు కదా. గిన్నెలు ఊడొచ్చాయా?"

"ఏమో. ఏవో వచ్చాయి."

"ఏవో వచ్చాయి! సరే. గురువారం వచ్చి యూరో కావాలన్నావు. లోపల మరలున్నాయన్నావు. మంగళవారం నున్నగా ఉన్న గొట్టానికి గురువారానికి మరలు ఎక్కడ మొలిచాయి బావా? నీళ్ళు పోశావా?"

"వరండాలో వెలుతురు తక్కువ."

"మధ్యాహ్నం పూట?"

"తెర వేసుంది."

"సరే, తెర వేసుంది. కుడివైపు గిన్నె మాత్రం ఎదురు తిప్పాలి జాగ్రత్త అని నేను చెప్పబోతుంటే నువ్వేమన్నావు? 'తెలుసులే, యూరోలో కుడివైపు మరలు ఎడమకి తిరుగుతాయి' అన్నావు. ఎలా తెలుసు?"

"ఎక్కడో చదివాను."

"చదివావు."

"చదవకూడదా?"

"చదువు. చదివితే మంచిదే. నిన్న మిడ్ తీసుకెళ్ళావు. అందులో గిన్నెల గొడవ లేదు, బేరింగు నేరుగా గూట్లోకే వెళ్ళి కూర్చుంటుంది. నలభై ఒకటి. అది ఎందుకు పట్టలేదు? వదులా, బిగువా?"

"బిగువు."

"ఎంత?"

"కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమే! ఏంటి, నన్ను నిలబెట్టి దొంగని అడిగినట్టు అడుగుతున్నావు?"

"మొదటి రోజే ఫ్రేము పట్టుకురమ్మన్నాను. తెస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది."

"రంగు గీసుకుపోతుందని తేలేదు."

"దాని మీద రంగెక్కడుంది బావా? పడి పడి మొత్తం..."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"అదే. అనకు."

"...సరే, అనను. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు."

"తాగు. మొహం చూడు ఎలా ఉందో."

"నా మొహానికేం? ఫ్రేము తెమ్మంటావు. నువ్వొచ్చి చూసి ఉండొచ్చు కదా, నాలుగడుగుల దూరం."

"వచ్చేవాణ్ణే. కిందటేడు 'నా గడప తొక్కొద్దు' అన్నది ఎవరు? ఆస్పత్రి మెట్ల మీద, పదిమందిలో."

"ఎందుకన్నానో నీకు తెలీదా?"

"తెలుసు. సైకిలు ఇచ్చింది నేను, గట్టు మీంచి దాన్ని దూకించడం నేర్పింది నేను. కాబట్టి దాని భుజం ఎముక విరగ్గొట్టింది కూడా నేనే. ఒప్పుకున్నాను కదా అప్పుడే. నోరెత్తానా?"

"ఎత్తలేదు."

"ఇప్పుడూ ఎత్తడంలేదు. అదిగో, నీ ఫోను మోగుతోంది."

"మోగనీ."

"ఎత్తు. పిడుగేనా?"

"ఊఁ... చెప్పమ్మా. ఆఁ. మావయ్య దుకాణంలోనే ఉన్నా. లేదు, గొడవేం లేదు. గొడవెందుకు? మాట్లాడుకుంటున్నాం. తాగానమ్మా, ఇప్పుడే తాగాను, నీళ్ళు. ఆఁ. వస్తాను. కాసేపట్లో. సరే. సరేనమ్మా."

"ఏమంది?"

"అన్నం తిన్నావా అని."

"ఇంకా?"

"మావయ్యతో గొడవ పడకు అని."

"బేరింగు సంగతి?"

"ఎత్తలేదు."

"అసలే?"

"అసలే. రేపు పందెం పెట్టుకుని ఆ ఊసే ఎత్తలేదు. మూడు రోజులుగా అంతే. సైకిలు పక్కనుంచే వెళ్తుంది, వస్తుంది. ఒకసారి కూడా 'నాన్నా, ఇంకా కాలేదా' అని అడగలేదు. కసిరినా బావుండేది."

"అడగదు. నాన్న చేస్తున్నాడు కదా."

"ఆ మాటే నన్ను... సరేలే. ఇంకేం రకాలున్నాయి నీ దగ్గర?"

"నువ్వు చెప్పు."

"దుకాణం నీదా నాదా?"

"నాదే. అయినా నువ్వే చెప్పు."

"అమెరికన్‌లో ఇంకో కొలత ఉందా?"

"లేదు."

"మిడ్‌లో కొంచెం చిన్నది?"

"మిడ్ అంటే నలభై ఒకటే. చిన్న మిడ్, పెద్ద మిడ్ ఉండవు. ఇవేం చొక్కాలా?"

"మరింకేముంది?"

"ఇంకోటి ఉంది."

"పేరు?"

"నేను చెప్పను."

"ఏంటీ?"

"చెప్పను బావా. కావాలంటే నువ్వు చెప్పు. పేరు చెప్పు, తీసిస్తాను."

"ఇదేం వ్యాపారం? ఇదేమన్నా బడిలో పరీక్షా? చెప్పనంటావేంటి, నాకు మతి పోతోంది ఇక్కడ!"

"నాకెప్పుడో పోయింది. ఇరుసు ఎంత?"

"ఇరవై రెండు."

"చూశావా. నిన్నా అంతే. ఇరుసెంత అనగానే 'ఇరవై రెండు, పాయింటు సున్నా' అన్నావు టక్కున. ఇరుసుని పాయింటుతో సహా కొలిచిన చెయ్యి, దాని చుట్టూ ఉన్న గూటిని కొలవలేకపోయిందా? అదే గొట్టం, అదే కొలిచే వెర్నియరు, ఒక్క వేలెడు పక్కకి జరపాలి. అంతేగా?"

"వెలుతురు తక్కువని చెప్పానుగా."

"బావా. నాలుగు రకాలున్నాయి. మూడు పట్టుకెళ్ళావు. మూడూ పట్టలేదు. ఏమీ తెలియనివాడు కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఈపాటికి సరైనది తగలాలి. మూడు తప్పులూ ఒకదాని తర్వాత ఒకటి, సరైనదాన్ని మాత్రం తప్పించి తప్పించి పట్టుకెళ్ళావంటే..."

"అంటే?"

"అంటే నువ్వే చెప్పాలి."

"కొలిచాను."

"ఎప్పుడు?"

"సోమవారం. విప్పిన రోజే. ఒకటికి మూడుసార్లు కొలిచాను. చీటీ మీద రాసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, మర్నాడు నీ దగ్గరికి వచ్చాను."

"వచ్చి?"

"ఇక్కడే, ఈ బల్ల ముందే నిలబడ్డాను. నోరు తెరిచాను. అమెరికన్ అని వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"అది తెలిస్తే నీతో ఈ గొడవ ఎందుకు? అబద్ధం చెప్పాలని రాలేదురా. ఒట్టు. దారంతా సరైన పేరే అనుకుంటూ వచ్చాను. తీరా నోట్లోంచి వచ్చాక, వెనక్కి తీసుకుందామనిపించలేదు. నువ్వు పెట్టె ఇచ్చావు. ఇంటికెళ్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. అప్పుడు తెలిసింది."

"తర్వాత కూర్చుని చదివావు."

"చదివాను. రెండోసారి నీకు అనుమానం రాకూడదని. మరలు ఎటు తిరుగుతాయి, ఏది ఎంత, అంతా చదివాను. నా పనికి కూడా ఎప్పుడూ అంత చదవలేదు."

"తప్పుని తప్పులేకుండా చెప్పడానికి!"

"వెక్కిరించు. నీ వంతు."

"నాకు వెక్కిరించే ఓపిక లేదు. సైకిలు విప్పమని నిన్నెవరడిగారు? నువ్వు దాన్ని ఇన్నేళ్ళలో వేలితో తాకలేదు. చప్పుడొస్తోందని అది నా దగ్గరికే తెచ్చేది."

"ఆ చప్పుడే."

"ఏ చప్పుడు?"

"పిల్ల వరండాలో సైకిల్ని తలకిందులుగా పెట్టి పెడళ్ళు చేత్తో తిప్పుతోంది. కింద నుంచి టక్... టక్... అని. నేను లోపల ఉన్నాను. కిందటేడు పందెంలో నేను కంచె దగ్గర నిలబడ్డానా, చుట్టూ అందరూ అరుస్తున్నారు. నాకు వినపడింది ఒక్కటే. టక్ మని."

"అంత దూరానికి ఎముక చప్పుడు వినపడదు బావా."

"నాకు వినపడింది. రోజంతా నా పనే వినడం. ఏ గడియారం తడబడుతోందో చెవితోనే చెప్తాను. బేరింగుది వేరు, ఎముకది వేరు, ఆ తేడా నాకు తెలుసు. తెలిసినా చేతిలో పని వదిలేసి లేచాను. బయటికొచ్చి, ఆపమ్మా, నేను చూస్తాలే అన్నాను. ఆపితే చాలనుకున్నాను, అంతే. బాగుచేస్తానని కాదు."

"దానికలా అర్థమైంది."

"అది నా మొహంలోకి చూసింది చూడు. పానాల పెట్టె మొత్తం తెచ్చి నా ముందు పెట్టింది. పక్కన గొంతుక్కూర్చుంది. ఏది ముందు విప్పాలో చెప్తూ, నాన్నా ఇది గట్టిగా ఉంటుంది, నాన్నా వేళ్ళు జాగ్రత్త అంటూ..."

"నాకు ఆ రోజు ఫోన్ చేసింది. 'మావయ్యా, నాన్న చేస్తానన్నాడు, నువ్వు వేలు పెట్టకు' అని. గొంతు చూడాలి! ఏదో పెద్ద బహుమతి కొట్టినట్టు."

"చెప్పకు."

"అంత మురిసిపోయిన పిల్లని మోసం చేస్తున్నావు."

"మోసం అనకు."

"మరేమనాలి? కొలత తప్పింది అనాలా?"

"ఒక్క ఆదివారం గడిస్తే చాలనుకున్నాను. సోమవారం బిగించేసేవాణ్ణి."

"సోమవారం తర్వాత మళ్ళీ ఆదివారమే వస్తుంది. అప్పుడేం చేసేవాడివి, ఐదో రకం కనిపెట్టేవాడివా?"

"నీకేం, మాట్లాడతావు. నీకు భయం తెలీదు."

"నాకా?"

"నీకే. మైదానంలో ఈలలేస్తూ నిలబడతావు. చూశాను కదా."

"ఈల వేస్తాను. కళ్ళు తెరిచి వేస్తానని ఎవరు చెప్పారు?"

"అంటే?"

"అది గట్టు ఎక్కేదాకా చూస్తాను. చక్రాలు గాల్లోకి లేవగానే కళ్ళు మూసుకుంటాను. కింద తగిలిన చప్పుడు వినపడ్డాక తెరుస్తాను. ఇన్నేళ్ళుగా అంతే. అది దిగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు బావా. నేర్పింది నేను. చూడలేదు."

"...దానికి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీకు చెప్పాను. అక్కకి చెప్పకు, నవ్వుతుంది."

"నవ్వదు."

"అన్నా, ట్యూబు..."

"ఇదిగో తమ్ముడూ, అయింది, తీసుకెళ్ళు. గాలి నువ్వే కొట్టుకో... చెప్పు బావా. మూడున్నరైంది. ఆరింటికి దుకాణం కట్టేస్తాను. ఇలాగే నిలబడతావా, ఇంకో తప్పు పేరేమైనా ఆలోచిస్తావా?"

"స్పానిష్."

"ఏంటీ?"

"స్పానిష్. ముప్పై ఏడు. నున్నటి గూడు. ఇరుసు ఇరవై రెండు. రెండు బేరింగులు. ఇవ్వు."

"ఇంకోసారి చెప్పు."

"ఆడుకుంటున్నావా నాతో?"

"లేదు. ఇంకోసారి చెప్పు, అంతే."

"స్పానిష్! చాలా? వీధిలోకెళ్ళి అరవాలా?"

"చాలు. ఇదిగో."

"అదేంటి, వెతకనైనా లేదు. బల్ల సొరుగులోనే ఉందా?"

"బుధవారం నుంచి ఉంది."

"బుధవారం నుంచా? నాకు ఇద్దామని పెట్టావా?"

"నేను పెట్టలేదు. పిడుగు పెట్టింది."

"అదెందుకు పెట్టింది?"

"అమెరికన్ పట్టలేదని నువ్వన్న రాత్రి దానికి అనుమానమొచ్చింది. మర్నాడు నువ్వు పనికెళ్ళాక గూడు కొలుచుకుంది. ఇక్కడికొచ్చి, ఆ డబ్బాల్లోంచి తనే ఏరి, నూనె గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి నా చేతికిచ్చింది."

"నీకు తెలిసే నాకు యూరో ఇచ్చావా?"

"నువ్వడిగిందే ఇచ్చాను."

"తెలిసే మిడ్ ఇచ్చావా? తెలిసే ఇంతసేపు..."

"ఒట్టు వేయించుకుంది బావా. నేను దాని పేరెత్తకూడదు, నీ అంతట నువ్వే అడగాలి. నాలుగు రోజులుగా నా నాలుక ఎన్నిసార్లు కొరుక్కున్నానో నాకే తెలుసు."

"తనే తీసుకెళ్ళి బిగించుకోవచ్చు కదా. నాకంటే బాగా చేతనవును."

"అదే అన్నాను. 'నాన్న చేస్తానన్నాడు, నాన్నే చెయ్యాలి' అంది."

"అడక్కపోతే?"

"అడిగావు కదా. ఇంకెందుకు?"

"అడక్కపోతే ఏం చెయ్యమంది?"

"వద్దులే బావా."

"చెప్పరా!"

"శనివారం దుకాణం కట్టేలోగా నాన్న అడక్కపోతే సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్ మావయ్యా అంది. నాన్నకి అంత భయమని నాకు తెలీదు, అంత భయమైతే ఇంక నేను తొక్కను అంది. ఏడవలేదు. మామూలుగానే చెప్పింది."

"రేపటికా?"

"రేపటికి కాదు. ఎప్పటికీ."

"అంటే ఇంకో రెండున్నర గంటలు నేను నోరు మూసుకుని ఉంటే..."

"ఆఁ."

"ఎప్పటికీ."

"ఆఁ. బావా, ఎటు చూస్తున్నావు? ఇటు చూడు. నువ్వు అడిగింది నాకొక్కడికే వినపడింది. నేను కళ్ళు మూసుకునేవాణ్ణని చెప్పాను కదా. చెవులూ మూసుకోగలను. పెట్టె సొరుగులో పెట్టేస్తాను. నువ్వు రాలేదనుకుంటాను. పెట్టమంటావా?"

"బేరింగులు ఎక్కించే ప్రెస్సు ఉందా నీ దగ్గర?"

"ఉంది. ఎందుకు?"

"ఇటివ్వు. ఏ వైపుది ముందు ఎక్కించాలో చెప్పు, ఇది మాత్రం నాకు నిజంగా తెలీదు."